కంచె దగ్గర కబురు చెప్పిన బైందు

ఎబోలా వచ్చిన ఏడాది కైలాహున్ జిల్లాలో మా ఊరి చికిత్సా శిబిరంలో నేను నర్సుని. బైందు అక్కడికి రోగిగా వచ్చింది. ఆమె భర్త లాహాయ్‌ని వారం ముందే అంబులెన్సు ఎక్కించారు. అతను ఎప్పుడు పోయాడో, ఎక్కడ పూడ్చారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనకు తగ్గి లేచాక అడిగితే మట్టిదిబ్బల వరస చూపించారు. అందులో ఏదో ఒకటట.

ఆ జబ్బు నుంచి బయటపడ్డవాళ్లకు మళ్లీ సోకే భయం తక్కువని ఆమెను పసిపిల్లల దగ్గర పనికి పెట్టుకున్నాం. ఇంకో పని ఆమే నెత్తిన వేసుకుంది. రోజూ పొద్దున్నే కంచె దగ్గర నిలబడి, అవతల కాచుకున్న చుట్టాలకు లోపలి సంగతి చెప్పేది.

"వాండీ, మీ ఆవిడ తెల్లారుజామున పోయింది. నేను పక్కనే ఉన్నా. మూడో వరసలో చివర పెట్టారు. వచ్చి చూసుకో."

నెల తిరక్కుండానే, జ్వరం వచ్చినవాళ్లను పొలాల్లో దాచడం మా చుట్టుపక్కల తగ్గింది.

ఊరు మాత్రం ఆమెను దగ్గరికి రానివ్వలేదు. మరిది ఆమె పరుపు తగలబెట్టాడు. "మా అన్నని మింగి నువ్వెలా లేచొచ్చావ్?" అన్నాడు.

రెండేళ్లకు, మళ్లీ ఇలాంటిది వస్తే ఏం చెయ్యాలో తేల్చడానికి రాజధాని ఫ్రీటౌన్ నుంచి అధికారులు వచ్చి మీటింగు పెట్టారు. బైందు లేచి, గేటు దగ్గర ఊరి మనిషిని ఒకరిని పెట్టమని, లోపలేం జరుగుతోందో ఇంటివాళ్లకు చెప్పించమని అడిగింది. ఎంతవరకు చదివావని ఒకాయన అడిగాడు. నాలుగో తరగతి అంది. నవ్వులు వినిపించాయి. నివేదికలో డేరాలు, మోటారు సైకిళ్లు, ల్యాబు చేరాయి. ఆమె మాట చేరలేదు.

పోయిన ఎండాకాలం ఎబోలా లాంటిదే, లస్సా జ్వరం వచ్చింది. ఈసారి శిబిరానికి కంచె బదులు సిమెంటు గోడ, కాపలావాడు. జాబితాలో పేరు లేదని బైందును గేటు బయటే ఆపేశారు. గోడ మీద రాసిన ఫోన్ నంబరుకు చేస్తే ఎవరూ పలకలేదు. రెండో వారానికి మా ఊరి కుంబా జ్వరం వచ్చిన తన గర్భిణి కూతుర్ని వరిచేను గుడిసెలో దాచింది. మా దగ్గరికి మోసుకొచ్చేసరికే ఆ కూతురి ప్రాణం పోయింది.

"లోపలికి పంపితే మళ్లీ కనబడదేమోనని నా దగ్గరే ఉంచుకున్నా," అంది కుంబా.

గేటు దగ్గరే ఉన్న బైందు నావైపు తిరిగింది.

"ఆ మీటింగులో నువ్వూ ఉన్నావు కదా, సిస్టర్. నేను చెప్పింది నిజమేనని ఒక్క ముక్కైనా అన్నావా?"

అనలేదు. ఆ రోజు మా పెద్ద డాక్టరు ముందు వరసలో కూర్చుని ఉన్నాడు; ఆయన ముందు నోరెత్తడానికి జంకాను.