కదలొద్దు తాత కాగితాలు

మా ప్రార్థనా మందిరంలో పిల్లలు ఆయనకు పెట్టిన పేరు కదలొద్దు తాత. ముప్పై ఒక్కేళ్ళు ఒక ఆసుపత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గదిలో పనిచేశారు. "గట్టిగా ఊపిరి పీల్చండి. బిగపట్టండి. కదలొద్దు. ఇక వదలండి." ఈ నాలుగు ముక్కలూ రోజంతా చెప్పీ చెప్పీ, ఉద్యోగం అయిపోయాక కూడా ఆ మాట ఆయన నోటిని వదల్లేదు. పిల్లల ఫోటో తీయాలన్నా కదలొద్దు. మెట్లమీద ఎవరైనా తూలితే చెయ్యి అందించబోతూ కూడా కదలొద్దు.

నేను ఆయన్ను చూసింది మందిరంలోనే. మా పిన్ని అక్కడ ఊడ్చే పని చేస్తుంది. అమ్మ మంచం పట్టిన ఏడాది నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. అమ్మ పోయాక పిన్ని దగ్గరకు వచ్చేశాను. అప్పటి నుంచి ఆమె ఊడిస్తే నేను బల్లలు తుడుస్తాను. ఆరాధన జరుగుతున్నంతసేపూ చివరి బల్ల మీద, స్తంభం పక్కన కూర్చుంటాను. అక్కడి నుంచి అందరి వీపులూ కనిపిస్తాయి, నేను ఎవరికీ కనిపించను. ఆయన అదే బల్లకు అవతలి కొసన కూర్చునేవారు. మా మధ్య ఆరుగురు పట్టేంత చోటు. ఏడాదిన్నర పాటు ఆ చోటు అలాగే ఉంది.

ఆదివారం ఆరాధనకు గంట ముందే వచ్చేవారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో నలభై కాగితాలు. చేత్తో రాసి జిరాక్స్ తీయించినవి. పైన ఒక ఫోటో, దాని కింద ఫోటో తీయడం గురించి ఒక సలహా, ఆ కింద దేవుడి గురించి ఒక ఆలోచన. బల్లకు రెండో మూడో చొప్పున పెట్టడం నా పని. ఆయన ఇచ్చేవారు, నేను తీసుకునేదాన్ని. మాటల్లేవు.

జిరాక్స్‌లో ఆ ఫోటోలన్నీ మసి పూసినట్టు వచ్చేవి. చూసేవాళ్ళకు ఏమీ అర్థం కాదని తెలిసి ఆయనే కింద రాసేవారు: "ఇది కిటికీ." "ఇది మా వీధి కుక్క, నిద్రపోతోంది." ఒకసారి "ఇది పొగమంచు" అని రాశారు. అది మాత్రం నల్లటి చతురస్రం.

మాటలు మాత్రం మసకబారలేదు. ఒక వారం ఇలా రాశారు: "ముఖం మీద వెలుగు సరిగ్గా పడకపోతే కెమెరాను తిట్టుకోకండి. మనిషిని లేపి, కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టండి. కిటికీ తన చోటు నుంచి ఎక్కడికీ పోదు. ప్రార్థన అంటే నాకు తెలిసినంతలో ఇంతే, కుర్చీ తిప్పుకోవడం."

ఇంకో వారం: "మిట్టమధ్యాహ్నం ఎండలో మనుషుల ఫోటోలు తీయకండి. కళ్ళ కింద గుంటల్లా నీడలు పడతాయి, ఉన్న వయసుకు పదేళ్ళు కలుస్తాయి. కానీ బైబిల్లో, ఆ వేళప్పుడు ఎవరూ ఉండరని ఒంటరిగా బావికి వచ్చిన స్త్రీ గుర్తుందా? ఆమెను చూడడానికి ప్రభువు సాయంత్రపు మెత్తటి వెలుగు కోసం ఆగలేదు. ఆ ఎండలోనే, ఆ నీడలతోనే చూశారు."

అది నేను తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని, నిలబడే నాలుగుసార్లు చదివాను. ఎవరికీ ఎదురుపడకుండా ఉండే వేళ చూసి కుళాయి దగ్గరకు వెళ్ళడం నాకు తెలిసిన పనే.

నేను తప్ప ఇంకెవరూ చదివేవారు కాదు. ఫ్యాను తిరగని రోజున కాగితాలు విసనకర్రలయ్యేవి. ఒకావిడ ఒకదాంతో బిడ్డ ముక్కు తుడిచింది. పాటల గుంపులో ఒకాయన నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దూర్చి, బాగా ఆగిందని సంతోషపడ్డాడు. మిగిలినవి ఎక్కడ పెట్టినవి అక్కడే. జనం వెళ్ళగానే నేను అన్నీ ఏరి, నా చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేదాన్ని. చెత్తబుట్టలో వేస్తే ఆయన కంట పడతాయని భయం.

ఒక ఆదివారం నేను ఏరడం అప్పుడే పూర్తిచేశాను. మరిచిపోయిన కళ్ళజోడు కోసం ఆయన వెనక్కి వచ్చారు. బల్లలన్నీ ఖాళీగా కనిపించాయి. ముందు నుంచి వెనక దాకా ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చారు.

"అన్నీ తీసుకెళ్ళారా అమ్మా?"

నేను తల ఊపాను. కాదని చెప్పాలంటే మాట్లాడాలి. అవునని చెప్పాలంటే తల ఊపితే చాలు.

ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం మరిచిపోయి చేత్తో పట్టుకునే వెళ్ళిపోయారు.

మరుసటి వారం అరవై ఐదు కాగితాలు తెచ్చారు. చొక్కాకు ఇస్త్రీ. కూర్చోవడంలోనే తేడా వచ్చింది, వెన్ను నిటారుగా. ముందు వరుసల్లోని వీపులన్నీ తనవాళ్ళవే అన్నట్టు చూసేవారు. ఒకరోజు ప్రసంగం మధ్యలో టైలరమ్మ ఉక్కపోతకు తాళలేక లేచి కిటికీ పక్కకు మారింది. ఆయన బల్ల మీద నా వైపు సగం దూరం జరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "చూశావా, కిటికీ వైపు తిరిగింది!" అన్నారు. నాతో ఆయన అన్న రెండో మాట అది. నేను మళ్ళీ తల ఊపాను.

ఆ తర్వాత రెండు నెలలకు కాగితం అడుగున గీత గీసి ఈ ముక్క రాశారు: "వచ్చే శనివారం ఉదయం ఏడింటికి మందిరం గేటు దగ్గరకు రండి. అందరం కలిసి నడుద్దాం, ఫోటోలు తీద్దాం. కెమెరా లేకపోయినా ఫోన్ చాలు. ఏమీ లేకపోయినా కళ్ళు చాలు."

ఆ ఆదివారం నేను అరవై ఒక్క కాగితాలు ఏరాను.

ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది.

"ఆయన కాగితం చదివేదెవరే? చీకటి గదిలో ఎముకలు చూసుకునే మనిషికి ఫోటోల పిచ్చేంటో!"

"పిన్నీ, శనివారం ఎవరూ రారు."

"రారు. వస్తే అదే వింత."

"అందరూ తీసుకెళ్ళారని నేనే చెప్పాను ఆయనకి."

"నువ్వా? నువ్వు చెప్పావా?" పిన్ని నవ్వు ఆపి చూసింది. "నోట్లోంచి మాట రావడానికి ముహూర్తం చూసుకునేదానివి, అబద్ధానికి మాత్రం బాగానే తెరిచావే!"

"తెరవలేదు. తల ఊపాను."

"అయితే ఆ తలకాయ పట్టుకునే వెళ్ళి ఇప్పుడు నిజం చెప్పు. లేదంటే పది మందినైనా పోగెయ్. ముసలాయన్ని గేటు దగ్గర నిలబెట్టకు."

రెండూ చేయలేకపోయాను. పాటల గుంపు సాధనకు వచ్చిన సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళారు. ఒకమ్మాయి "ఏంటి?" అని అడిగింది కూడా. "చెప్పులు అక్కడ పెట్టండి" అన్నాను.

శనివారం ఏడుకు ఐదు నిమిషాల ముందు వెళ్ళేసరికి ఆయన గేటు బయట ఉన్నారు. మెడలో కెమెరా, గోడ మీద పెద్ద ఫ్లాస్కు, ఒకదాంట్లో ఒకటి పెట్టిన కాగితం కప్పుల దొంతర. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"మొదట నువ్వే వచ్చావా? మంచిది. మిగతావాళ్ళు వస్తున్నారా?"

"వస్తారేమో" అన్నాను.

ఏడుంబావు అయింది. "శనివారం కదా, నిద్ర లేవద్దూ" అన్నారు. ఏడున్నరకు, "టీ చల్లారిపోతుంది, మనం మొదలుపెడదాం" అని రెండు కప్పుల్లో పోశారు. ఎదురుగా టైర్ల దుకాణం వాడు షట్టరు ఎత్తాడు. ఒక కారు మా ముందు నెమ్మదించింది. ఆయన కప్పు గోడ మీద పెట్టి, చొక్కా సర్దుకున్నారు. కారు దుకాణంలోకి తిరిగింది.

"ఏడింటికనే రాశానా? ఏడున్నర అని పడిందేమో."

"ఏడే" అన్నాను.

"నువ్వు చదివావన్నమాట."

"అన్నీ చదివాను."

"మరి వాళ్ళు…" అని ఆగి, వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. "అరవై ఐదు మంది తీసుకెళ్తే, ముగ్గురు కూడా ఖాళీగా లేరంటావా?"

కప్పు గోడ మీద పెట్టబోతే టీ నా చేతి మీద ఒలికింది. ఆయన తన రుమాలు ఇచ్చారు. ఆ రుమాలు ఇవ్వకపోయి ఉంటే చెప్పేదాన్ని కాదేమో.

"ఎవరూ తీసుకెళ్ళరు తాతగారూ. నేనే ఏరేస్తాను. మొదటి నుంచీ అంతే."

"అన్నీనా?"

"మూడు, నాలుగు పోతాయి. ఒకటి బల్ల కాలి కింద ఉంది."

కోప్పడతారనుకున్నాను. ఆయన ఫ్లాస్కు మూత బిగించారు. బిగిసిన మూతనే మళ్ళీ బిగించారు.

"మా ఆవిడ దగ్గుతోందని ఒకరోజు నా గదికే తీసుకెళ్ళాను," అన్నారు. "ఎక్స్‌రే నేనే తీశాను. లైటు పెట్టెకు తగిలించి చూస్తే కుడివైపు మచ్చ. డాక్టరు కంటే ముందు చూసింది నేను. ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసి, 'ఏమండీ, నా ఫోటో బాగా వచ్చిందా?' అంది, నవ్వుతూ. బాగా వచ్చిందన్నాను. డాక్టరు చెప్పేదాకా రెండు వారాలు అదే మాట మీద ఉన్నాను."

నేను ఆయన రుమాలు మడతపెట్టాను.

"ఆ రెండు వారాలూ ఆవిడ పప్పుడబ్బాలు కడుక్కుంది, పరదాలు ఉతికింది. తెలిసుంటే వాళ్ళ అక్క దగ్గరకు వెళ్ళొచ్చేది. ఆ తర్వాత ఓపిక లేకపోయింది." కెమెరా మెడలోంచి తీసి సంచిలో పెట్టారు. "నొప్పి కలగకూడదనే చెప్పాను. నువ్వూ అంతే అనుకో. కానీ ఆ మంచితనం చాలా చెడ్డది అమ్మా. నాకు అది ఇంకోసారి చెయ్యకు."

కప్పుల దొంతర అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. నడకలో తేడా ఏమీ లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై ఆదివారం కూడా. బల్లలు తుడవడానికి సగం సమయం కూడా పట్టేది కాదు. కాగితాలు లేవని ఎవరూ అడగలేదు. ఒకావిడ మాత్రం, విసురుకోవడానికి ఏమైనా ఉందా అని అడిగింది. పాస్టరుగారు జబ్బుపడ్డవాళ్ళ పేర్లు చదివినప్పుడు ఆయన పేరు ఉంటుందేమోనని విన్నాను. లేదు. పేరు లేదంటే ఆయన బాగున్నట్టో, రావడం లేదని ఎవరికీ తెలియనట్టో. ఇల్లు కనుక్కుని వెళ్ళమని పిన్ని రోజూ పోరింది. వెళ్ళి ఏమనాలో తోచలేదు. చివరి బల్ల మీద ఇప్పుడు ఏడుగురు పట్టే చోటు నా పక్కన.

మూడో ఆదివారం రెండో పాట పాడుతుండగా వచ్చారు. చేతిలో సంచి లేదు. తన కొసనే కూర్చున్నారు. ఆరాధన అయ్యి అందరూ వెళ్ళాక కూడా లేవలేదు. నేను గుడ్డ, బక్కెట్టు తెచ్చి ముందు వరుస నుంచి మొదలుపెట్టాను. వెనక బల్ల దగ్గరకు వచ్చేసరికి జేబులోంచి ఒక కాగితం తీసి నా వైపు జరిపారు.

"ఒక్కటే తెచ్చాను. చదివి చెప్పు. తల ఊపితే ఒప్పుకోను."

అది జిరాక్స్ కాదు. పెన్నుతో రాసిన అసలు కాగితం, ఫోటో జిగురుతో అంటించి ఉంది. ఆయన ఫోటోను రంగుల్లో చూడడం అదే మొదటిసారి. బస్టాపులో కూర్చున్న ఒక ముసలాయన. వెనక పొడుగాటి పసుపు గోడ. ఆయన చొక్కా నీలం. ఇన్నాళ్ళూ ఆ నల్లటి చతురస్రాల్లో ఇలాంటి రంగులుండేవా అనిపించింది.

కింద ఇలా ఉంది: "మనిషిని ఫోటో నిండా నింపకండి. చుట్టూ ఖాళీ వదలండి. ఆ ఖాళీ వల్లే చూపు నేరుగా అతని మీదికి వెళ్తుంది. ఒంటరితనం కూడా అలాంటిదే. మనం అందంగా కనిపించడానికి దేవుడు మన చుట్టూ వదిలిన ఖాళీ అది."

నేను రెండుసార్లు చదివాను. బక్కెట్టులో నీళ్ళు చూశాను, మురికిగా ఉన్నాయి.

"పైది నిజం" అన్నాను.

"కిందది?"

గుడ్డ పిండాను. ఆయన ఆగారు. ఎక్స్‌రే గదిలో కూడా ఇలాగే ఆగేవారేమో, అవతలి మనిషి ఊపిరి వదిలేదాకా.

"కిందది కాదు తాతగారూ."

"ఎందుకు?"

"అందంగా ఉన్నది చూసేవాళ్ళకి. ఈయనకి కాదు." ఫోటోలోని ముసలాయన మీద వేలు పెట్టాను. "ఈయనకి ఆ గోడ ఎంత పొడుగుందో తెలుసు. ఇంకా బస్సు రాలేదనీ తెలుసు. అంతే."

తాతగారు కాగితం తన వైపు తిప్పుకుని చూశారు. పెన్ను తీసి, కింది రెండు వాక్యాల మీదా నిదానంగా గీత గీశారు. తర్వాత పెన్ను నా ముందు పెట్టారు.

"అయితే ఏం రాయాలో నువ్వు రాయి."

"నాకు రాయడం రాదు తాతగారూ."

"నాకు మాత్రం వచ్చిందా? చూశావుగా."

చేతులు లంగాకు తుడుచుకుని బల్ల మీద కూర్చున్నాను, ఆయనకు కాస్త దగ్గరగా, కాగితం అందాలి కదా. చాలాసేపు పట్టింది. పిన్ని తలుపు దగ్గర నుంచి, "ఏమ్మా మహారాణీ, ఆ బల్ల దేవదూతలొచ్చి తుడుస్తారా?" అని కేకేసింది. కొట్టివేతకు కింద నేను రాసింది ఇంతే: "ఒంటరిగా ఉంటే ఒంటరిగా ఉందనే దేవుడికి చెప్పండి. బాగుందని చెప్పకండి."

ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చదివారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. కాగితాన్ని ఫోటో నలగకుండా ఒక్క మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. వంగి బక్కెట్టు పిడి పట్టుకున్నారు. నేను వద్దంటున్నా వినకుండా, మురికినీళ్ళు పారబోయడానికి బయటికి నడిచారు.