అన్నయ్య శ్రుతి ఒకటిన్నర

పాట కచేరీలో అందరికంటే నిస్సహాయుడు క్లారినెట్టు వాయించేవాడు. శ్రుతి కుదరకపోతే వయొలిన్ ఆయన తీగె బిగించుకుంటాడు. తబలా అతను సుత్తి పుచ్చుకుని నాలుగు దెబ్బలు వేసుకుంటాడు. మా వాద్యం మాత్రం ఏ శ్రుతిలో పుట్టిందో చచ్చేదాకా అందులోనే ఉంటుంది. మూతి దగ్గర కాస్త లాగితే వెంట్రుకవాసి దిగుతుందేమో గానీ అంతకు మించి కదలదు. నా స్వభావం కూడా అలాంటిదేనని మా ఇంట్లోవాళ్లు అంటారు. అననివ్వండి.

అరవైల్లో తెనాలిలో మాకొక చిన్న పార్టీ ఉండేది. మొత్తం నలుగురం. హార్మోనియం వాయిస్తూ పాడే అన్నయ్య మాకు పెద్ద. పిలుపుకు అన్నయ్యే తప్ప చుట్టరికం ఏమీ లేదు. వాళ్ల నాన్నగారు చర్చిలో హార్మోనియం పెట్టె వాయించేవారు, అక్కడే ఈయనకూ చెయ్యి తిరిగింది. తబలా వాయించేవాడు టైలరు. వయొలిన్ ఆయన చుండూరు హైస్కూల్లో సైన్సు మాష్టారు. నేను మా నాన్న కిరాణా కొట్లో పొట్లాలు కట్టి, సాయంత్రం చేతులు కడుక్కుని క్లారినెట్టు పట్టుకునేవాణ్ణి. పెళ్లి పందిళ్లలో, నాటకాల్లో రంగానికీ రంగానికీ మధ్య మా పాటలు సాగేవి.

మేం విడిపోవడానికి కారణం చెబితే నవ్వుతారు. నందివెలుగులో ఒక పెళ్లిలో మగపెళ్లివారు సినిమా పాట వాయించమన్నారు. ప్రాణం పోయినా వాయించనని మాష్టారు, అడిగింది వాయించడానికే కదా పిలిచారని టైలరు. బంతి భోజనాల్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. ఇద్దరి మీదా నేను అలిగాను. అన్నయ్య సర్ది చెప్పేవాడే, కానీ అంతలోనే ఆయనకు రేపల్లె తాలూకాఫీసుకు బదిలీ అయింది. పీట మీద నుంచి పెద్దమనిషి లేచాక పంచాయితీ ఎవరు తీరుస్తారు? ఎవరి దారి వాళ్లం పట్టాం.

డెబ్భైల్లో అన్నయ్య జబ్బుపడి, కొన్ని నెలలు మంచం పట్టి, పోయాడు. సమాధి దగ్గర ముగ్గురం కలిశాం. అప్పుడు కూడా ఒకరి మొహం ఒకరం సరిగా చూసుకోలేదు.

ఏడాది తిరక్కుండానే వదిన మా కొట్టుకు వచ్చింది. అన్నయ్య పోయాక ఆవిడ రేపల్లె ఇంటికి తాళం వేసి, బాపట్లలో తమ్ముడి దగ్గర ఉంటోంది. చేతిలో గుడ్డసంచి, సంచిలో టేపు చుట్టలు.

"ఏంటి వదినా, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండి."

"కబురుతో అయ్యే పని కాదు మరిది గారూ. మీ అన్నయ్య సెలవులో ఇంట్లో పడుకున్న రోజుల్లో ఎవరిదో పాత టేపు రికార్డరు కొన్నారు. తను కట్టుకున్న పాటలన్నీ పెట్టె వాయించుకుంటా పాడి ఇందులో ఎక్కించారు. మధ్యలో మీ ముగ్గురికీ చోటు వదిలారు. మావాళ్లు కలిస్తే ఇవి పూర్తవుతాయి అనేవారు."

కానీ ఆవిడ వచ్చిన పని అదొక్కటే కాదు.

"ఇంకోటుంది. ఎవరితో చెప్పినా నవ్వుతారు. అప్పట్లో ఆయన పాడి వెంటనే వేసి వినిపిస్తే అది ఆయన గొంతే. ఇప్పుడు బాపట్లలో వేస్తే ఎవరో పరాయివాళ్లు పాడుతున్నట్టుంది. సన్నగా, తొందర తొందరగా. మిషను చూపిస్తే బాగానే ఉందన్నారు. 'నువ్వే మర్చిపోయావక్కా' అంటాడు మా తమ్ముడు. నిజంగానే మర్చిపోయానేమోనని భయంగా ఉంది. ఫోటో ఉంది, చూసుకుంటాను. గొంతుకు ఫోటో లేదు కదండి."

ఆ మాటతో నా అలకలన్నీ గట్టున పెట్టాను. ముందు టైలరు దగ్గరికి వెళ్లాను. వాడు సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు. "ఆయన వస్తానంటే నేనూ వస్తా" అన్నాడు. చుండూరు వెళ్తే మాష్టారూ అదే మాట. పెళ్లిచూపులు కుదిర్చినట్టు అటూ ఇటూ తిరిగి చివరికి ముగ్గుర్నీ ఒక రైల్లో కూర్చోబెట్టాను. బాపట్ల వచ్చేదాకా కిటికీలోంచి చేలే చూశారు ఇద్దరూ.

వదిన వాళ్ల తమ్ముడి ముందుగదిలో టేపు పెట్టాం. కరెంటు బాగా ఉండే వేళ చూసుకుని మరీ మొదలుపెట్టాం. వెనక ఎక్కడో గుయ్యిమని ఈగ తిరుగుతున్నట్టు చప్పుడు. మిషను పాతది, అంతేలే అనుకున్నాం. పల్లవి అయ్యాక పెట్టె ఆగి మాట వినిపించింది. "ఇక్కడ క్లారినెట్టు. వాడు అలిగి ఉంటాడు, కాసేపు ఆగండి." టైలరు ఫక్కున నవ్వాడు, ఆ వెంటనే మాష్టారు కూడా. అన్నేళ్లకు ఇద్దరూ కలిసి నవ్వారు, అదీ నా మీద. సరే, పార్టీకి ఆ మాత్రం సేవ చేశాను. మాటలు అన్నయ్యవే, గొంతు మాత్రం వదిన చెప్పినట్టే ఉంది.

పాట చివర ప్రతిసారీ ఆయన "ఎట్టా ఉందే?" అని అడిగాడు. తర్వాత కాస్త ఖాళీ.

"నన్నే అడిగేవారు" అంది వదిన. "నా మాట టేపులో పడుతుందని సిగ్గేసి తల ఊపేదాన్ని."

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. వాద్యాలు తీశాక మా అసలు తిప్పలు మొదలయ్యాయి. హార్మోనియం వాళ్లు శ్రుతిని మెట్ల లెక్కన చెబుతారు. అన్నయ్య ఎప్పుడు పాడినా ఒకటిన్నర శ్రుతే. ఊరు మారినా, జలుబు చేసినా అంతే. టేపులో పాట రెండు దాటి, రెండున్నర అందకుండా మధ్యలో వేలాడుతోంది. నా క్లారినెట్టు ఏం చెయ్యగలదు? వాయిస్తే రెండు పిల్లులు పోట్లాడుకున్నట్టుంది. మాష్టారు తీగెలు బిగించుకున్నారు. టైలరు పంతం పట్టి కుడి తబలా బిగించి బిగించి, చివరికి తోలు మూత ఫట్‌మని చీలింది.

"మిషనే సరిగ్గా లేదు" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే" అన్నారు మాష్టారు. మళ్లీ నందివెలుగు పెళ్లి మొదలవుతుందేమోనని భయపడ్డాను.

"జబ్బులో గొంతు మారిపోయిందేమోలే" అని గొణిగాడు టైలరు. ఆ మాట వదిన విన్నది. కాఫీ తెస్తానని లోపలికి వెళ్లి చాలాసేపటికి గానీ రాలేదు.

మాష్టారికి తిరుగు రైల్లో ఒక ఆలోచన వచ్చింది. అన్నయ్య పాడింది రేపల్లెలో ఉన్న తన సొంత పెట్టెతో. ఆ పెట్టె మెట్లే అటూ ఇటూ అయి ఉంటాయి. దాన్ని పట్టుకుంటే టేపు శ్రుతి దొరుకుతుంది. సబబుగానే తోచింది. మరో సెలవు రోజున టేపు రికార్డరు పట్టుకుని వదిన బాపట్ల నుంచి, మేం తెనాలి నుంచి రేపల్లె చేరాం.

అన్నయ్య ఇల్లు రైసుమిల్లు ప్రహరీని ఆనుకుని ఉంటుంది. తలుపు తీస్తే మంచం మీద, గుమ్మం మీద, పెట్టె మీద సన్నటి తవుడు దుమ్ము. వదిన కొంగుతో పెట్టె తుడిచింది. మిల్లు భోజనాల వేళ ఆగి ఉంది. నేను తిత్తి కదిపి ఒకటిన్నర మెట్టు నొక్కాను. నా క్లారినెట్టుతో సరిగ్గా కలిసింది. పెట్టె శుభ్రంగా ఉంది. మాష్టారు టేపు తిప్పారు. పాట మళ్లీ పైనే, రెండు దాటి.

అదే పెట్టె, అదే మెట్టు, అదే గది. అయినా కలవలేదు. వదిన గోడకు ఆనుకుని కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఇంకెక్కడికి వెళ్లాలో మాకెవరికీ తెలియదు. టేపు అలా తిరుగుతూనే ఉంది.

అప్పుడు మిల్లు కూత వేసింది. గోడ అదిరింది. నెత్తిమీద బల్బు ఎర్రబడి చింతనిప్పులా అయింది. టేపు చుట్ట మెల్లబడింది, పాట జారడం మొదలుపెట్టింది.

"వోల్టేజి పడిపోయింది, మిషను కాలిపోద్ది!" అంటూ మాష్టారు స్విచ్చి మీదికి దూకారు.

"ఆపకండి."

వదిన ఆయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ అలా ఎవరి చెయ్యీ పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు.

పాట ఇంకాస్త దిగి ఒకచోట నిలబడింది. సన్నదనం పోయింది, తొందర పోయింది. కాస్త బొంగురుగా, తీరిగ్గా, మాట చివర నవ్వు దాచుకున్నట్టుండే గొంతు. వెనక ఈగ చప్పుడు కూడా దిగి, పక్కన తిరిగే మిల్లు చప్పుడులో కలిసిపోయింది. నా వేలు ఇంకా ఒకటిన్నర మెట్టు మీదే ఉంది. తిత్తి కదిపాను. పెట్టె, పాట ఒకటైపోయాయి.

"ఆయనే" అంది వదిన. నేల మీద చతికిలబడి, "ఆయనేనండి, నేను మర్చిపోలా" అని మళ్లీ మళ్లీ అంది. టైలరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. నెత్తిన మోస్తున్న బస్తా ఎవరో దించినట్టయింది.

తర్వాత మాష్టారు లెక్క విప్పారు. అన్నయ్య పాడింది పగలు, మిల్లు ఆడుతున్నప్పుడు. కరెంటంతా మిల్లు మోటారు లాగేస్తుంటే టేపు నీరసంగా తిరుగుతూ పాటను పట్టుకుంది. మంచి కరెంటులో వేస్తే పరుగెత్తుతుంది, గొంతు పైకి పోతుంది. మేం బాపట్లలో ఏరి కోరి మంచి కరెంటు చూసుకున్నాం! "సైన్సు మాష్టారికి ఈ సంగతి ఇన్నాళ్లకా తట్టేది?" అన్నాడు టైలరు. మాష్టారు కోప్పడకుండా వాడి తబలాకు కొత్త మూత వేయించమని చెప్పారు.

"ఆ రోజుల్లో మా బల్బెప్పుడూ అట్టాగే వెలిగేది" అంది వదిన. "కరెంటంటే అంతే అనుకునేదాన్ని."

ఆ వరికోతల కాలమంతా సెలవు దొరికితే రేపల్లె బండి ఎక్కాం. మాష్టారి బావమరిది దగ్గర సెల్సుతో నడిచే క్యాసెట్టు రికార్డరు ఉంది. దానికి మిల్లుతో పనిలేదు. అన్నయ్య టేపు తిరుగుతుంటే పక్కన కూర్చుని మా ఖాళీల్లో మేం వాయించి, అంతా అందులో పట్టేవాళ్లం. మిల్లు ఎప్పుడు ఆగుతుందా, లైటు ఎప్పుడు నిండుగా వెలుగుతుందా అని వీధంతా చూసేది. మేం మాత్రం మిల్లు తిరగాలని కాచుక్కూర్చునేవాళ్లం. ఒక పాటలో సినిమా బాణీ ఛాయ ఉందని మాష్టారు మొహం చిట్లించారు. "అన్నయ్యతో చెప్పుకోండి" అన్నాడు టైలరు. మాష్టారు వాయించారు.

బాపట్లలో మొదట విన్న పాటను ఆఖరుకు ఉంచాం. ఆ రోజున వదిన మా పక్కనే చాప మీద కూర్చుంది. నా చోటు వచ్చింది, "వాడు అలిగి ఉంటాడు" అనగానే ఈసారి ఆగకుండా అందుకున్నాను. వయొలిన్ కలిసింది, తబలా ముక్తాయించింది. అన్నయ్య చివరి చరణం ముగించి, తిత్తి మూసి, తన మామూలు గొంతుతో అడిగాడు.

"ఎట్టా ఉందే?"

మాష్టారి వేలు మీట మీద ఉంది గానీ నొక్కలేదు.

"బాగుందండి" అంది వదిన, గట్టిగా, ఆయన వంటింట్లోకి వినబడేలా అడిగితే చెప్పినట్టు. "చాలా బాగుంది."

ఆ క్యాసెట్టు బాపట్లలో వేసినా, తెనాలిలో వేసినా అన్నయ్య ఒకటిన్నరలోనే పాడతాడు. వెనక మిల్లు తిరుగుతూ ఉంటుంది. చివర్లో వదిన జవాబు, దాని తర్వాత టైలరు ముక్కు చీదుకున్న చప్పుడు కూడా పడ్డాయి. అది చెరిపేద్దామన్నారు మాష్టారు. వదిన ఒప్పుకోలేదు.