కాయం పొడిలో ముక్కు వాసన

మొన్న ఊరి చివర హూడిలో ఉన్న మా అమ్మాయి ఫ్లాటుకు వెళ్ళినప్పుడు, మోకాళ్ళ నొప్పులకని అది ఫోనులో తెప్పించుకున్న మూలికల పొడి డబ్బా వచ్చింది. మూత తీశానో లేదో, ముక్కిపోయిన సరుకుకుండే ముక్కు వాసన తగిలింది. వానాకాలపు చెమ్మ వాసనే అయి ఉండవచ్చు, కాని నేను డబ్బా దాని చేతికివ్వలేదు, "ఇది తినొద్దే" అని మాత్రం అనగలిగాను. అది తెల్లబోయి చూసింది. ఎందుకో దానికి ఎన్నడూ చెప్పలేదు. నా ఈడువారు మీరు, మీకైతే అర్థమవుతుంది.

నేను హిందూపురం వైపు నుంచి చిక్కపేట బజారుకు కోడలిగా వచ్చిన తొలి ఏళ్ళవి. కింద మా మామగారి మూలికల అంగడి, పైన మా కాపురం. అత్తగారు అప్పటికే లేరు. మెట్లెక్కుతూ ఉంటే వస, శొంఠి, పిప్పళ్ళ ఘాటు కలగలిసి ముక్కులకే కాదు, ఉతికి ఆరేసిన చీరలకు కూడా పట్టేది, పుట్టింటికి వెళితే మా అమ్మ నన్ను దగ్గరకు తీసుకుని అంగడి వాసన వస్తున్నావే అని నవ్వేది.

ఆ ఏడు వాన వదలకుండా పట్టింది. అంగడి వెనక గోడ చెమ్మెక్కి, దానికి ఆనించిన పిప్పళ్ళ గోనెసంచి విప్పేసరికి లోపల వెచ్చగా ఉంది, పిప్పళ్ళ మీద పచ్చటి నూగు. మామగారు మోసమెరుగని మనిషి. బజారులో అందరూ చేసేదే ఆయనా చేశారు. బాగా పాడైనవి ఏరి పారేసి, మిగిలినవి గుడ్డతో తుడిచి, ఎండ కాసిన పూట మిద్దె మీద ఆరబోసి, దోరగా వేయించారు. "ఎండా నిప్పూ తగిల్నాక బూజేముంటాదమ్మా" అన్నారు. కంటికి కనబడనిది ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ పిప్పళ్ళతోనే బాలింతల కాయం పొడి కొట్టాము. పురిటికి వచ్చిన మా ఆడపడుచు రోజూ పొద్దున్నే దాన్ని బెల్లం, నెయ్యితో తినేది. దగ్గు పట్టి నేనూ తేనెలో కలిపి నాకాను. తక్కినది పొట్లాలు కట్టి అంగట్లో అమ్మారు.

మొదట ఆడపడుచుకు అన్నం సయించలేదు. తరువాత వాంతులు. ఒకనాడు బిడ్డకు పాలిస్తున్న ఆమె ముఖం కిటికీ వెలుగులో చూసి నేను గడప దగ్గరే ఆగిపోయాను. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఏమేమి తింటోందని అడిగి, పొడి తెప్పించి వాసన చూశారు.

"ఎక్కడిదప్పా ఇది?"

"మా అంగడిదే సార్. తాతల కాలం నుంచీ చేస్తా ఉండాము," అన్నారు మామగారు.

"బూజు తుడిస్తే పోతాది. అది వదిలిన విషం ఎండబెట్టినా, వేయించినా పోదప్పా. దీనివల్లనే అని గట్టిగా చెప్పలేను, కామెర్లకు వేరే కారణాలూ ఉంటాయి. అయినా ఇంక చిటికెడు కూడా ఎవరికీ పెట్టొద్దు."

ఎవరికీ అన్న మాట దగ్గర మామగారు నా చెయ్యి పట్టుకున్నారు. కోడలి చెయ్యి తాకే మనిషి కారాయన. అంగట్లో పొట్లాలు కొన్నవాళ్ళందరూ ఆ క్షణంలో ఆయన కళ్ళ ముందు నిలిచి ఉంటారు.

ఆ తరువాత రోజూ అదే పని. లేవగానే అద్దంలో నా కళ్ళు చూసుకునేదాన్ని, తరువాత పసిబిడ్డ కళ్ళు. బిడ్డ పాలు తాగక ఏడిస్తే భయం, ఏడవకుండా పడుకుంటే మరీ భయం. మామగారు అంగడి మూసి, తెలిసిన ఇళ్ళన్నిటికీ నడిచి వెళ్ళి, మందు తినొద్దమ్మా అని చేతులు జోడించి పొట్లాలు వెనక్కి తెచ్చుకున్నారు. కొందరు తిట్టారు, కొందరు తలుపు వేసుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం దొరకలేదు. కె.ఆర్.పురం నుంచి రైల్లో వచ్చి, బాలింతైన కోడలికని రెండు పొట్లాలు పట్టుకుపోయిన మనిషి. పేరు తెలియదు, వీధి తెలియదు. మామగారూ మా ఆయనా అక్కడి రైలు స్టేషను చుట్టూ ఎన్నిసార్లో తిరిగి, అడిగి, ఉత్త చేతులతో వచ్చారు. మామగారు కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే వదిలేసేవారు.

ఆడపడుచు మెల్లగా కోలుకుంది. బిడ్డకు ఏమీ కాలేదు. అయినా ఇంట్లో ఎవరమూ తేలికగా ఊపిరి తీయలేదు.

వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం ఆ పెద్దావిడే మూసిన అంగడి ముందు నిలబడి కేకలు పెట్టింది. "ఏమప్పా, అంగడి మూసేస్తే మేమెక్కడికి పోవాల?"

మామగారు మెట్లు దిగుతూ పడబోయారు. "మీ కోడలు... ఎట్లుండాదమ్మా?"

"దానికేమి, రాయి మాదిరి ఉండాది. ముక్కు వాసన వస్తాదని నీ మందు ముట్టనే లేదు, కాలవలో పారబోసింది. ఎంత తిట్టినానో!"

ఆయన మెట్టు మీద కూలబడి, వీధి అంతా చూస్తూ ఉండగా, పసివాడిలా ఏడ్చారు. ఆవిడకు కారణం తెలియక, ఇంత మాటకే ఏడుస్తారా అప్పా అని ఓదార్చసాగింది. అంగడి మళ్ళీ తెరిచినా ఆయన పొడి అమ్మలేదు. వేరునూ కొమ్మునూ అలాగే చేతిలో పెట్టి, విరిచి చూసుకోండి, వాసన చూసుకోండి అనేవారు.

ఆయన పోయి చాలాకాలమైంది, అంగడీ చేతులు మారింది. ఇప్పుడు మందు ఎక్కడో తయారై ఎవరి చేతనో ఇంటికి వస్తుంది, కొట్టినవాడు తిన్నవారి ముఖం ఎరగడు. అప్పుడు మేము భయపడ్డాం నిజమే, కాని ఎవరి కోసం భయపడాలో మాకు తెలుసు. వాళ్ళ తలుపు తట్టడానికి ఒక ముసలాయన చెప్పులు అరిగేలా తిరిగాడు. ఇవాళ మన తలుపు తట్టి, అది తినొద్దమ్మా అని చెప్పడానికి ఎవరు వస్తారు?