పొరలక్క మాట తగ్గిన ఏడాది

ఆస్పత్రి ల్యాబ్‌లో అందరూ ఆమెను పొరలక్క అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన కండ ముక్కను మైనంలో పొదిగి, మిషన్ మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి రంగు వేయడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా చేస్తోంది. చేతులు ఎంత నెమ్మదో నోరు అంత జోరు. ఆమె సెలవు పెడితే ల్యాబ్ బోసిపోయేది.

అలాంటి మనిషి ఆ ఏడాది మాటలు తగ్గించేసింది. నాలుగు ముక్కలు మాట్లాడేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. బిస్కెట్ తింటే ఇసుక నమిలినట్టుండేది. కళ్లలో ఎప్పుడూ నలుసు పడ్డట్టు గరగర. వయసు మీద పడుతోంది కాబోలనుకుని నీళ్ల సీసా వెంటేసుకుని తిరిగింది.

ఇంట్లో భర్తకు మాత్రం దడ పట్టుకుంది. ఆయన బస్సు డ్రైవరు. ఎంత హోరులోనైనా నిబ్బరంగా ఉండగలడు గానీ భార్య మౌనం ఆయనకు అలవాటు లేదు. రెండు నెలలు ఓపిక పట్టి, ఒక ఆదివారం పొద్దున ఆమె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"సరేనే, ఒప్పేసుకుంటున్నా. మీ అమ్మిచ్చిన పింగాణీ జాడీ పగలగొట్టింది నేనే. నేరం పిల్లి మీద పెట్టేశా."

ఆమె తెల్లబోయింది. "అయితే ఆ పిల్లిని ఊరికే తిట్టానన్నమాట!"

"అది కాకపోతే మరి దేనికే కోపం?"

"కోపమేంటండీ? నోరెండిపోతోంది. మాట్లాడితే మంట." చెబుతూనే గ్లాసు అందుకుంది.

ఆయన ఇక జాడీ మాట ఎత్తలేదు. మర్నాడే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

రక్త పరీక్షలయ్యాక, కింది పెదవి లోపలి నుంచి ఉమ్మి ఊరే ఆవగింజంత గ్రంథులు నాలుగైదు తీశారు. అవి చేరింది ఆమె ల్యాబ్‌కే.

"నేను కోస్తాలే అక్కా," అంది తోటి టెక్నీషియన్.

"నీకంత పల్చగా రాదు. ఇటివ్వు."

ఎప్పటిలాగే ఉల్లిపొర కన్నా పల్చగా కోసింది. రంగు వేసి పలక ఆరబెట్టి, తన పేరున్న చీటీ తనే అంటించింది.

సాయంత్రం పలకలు చూసే డాక్టరమ్మ ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. ఉమ్మి ఊరే గ్రంథుల్లో, సన్నటి నాళాల చుట్టూ, ఊదారంగు చుక్కలు గుంపులుగా మూగి ఉన్నాయి.

"ఇవి ఒంటికి కాపలా కాసే కణాలే. క్రిముల మీదికి పోవాల్సినవి నీ గ్రంథుల మీదే పడ్డాయి."

"కంచే చేను మేసిందంటారా మేడమ్?"

"చేనంతా మేయలేదు. పలక ఇటు జరుపు. ఇదిగో, ఈ గ్రంథులన్నీ ఇంకా బాగానే ఉన్నాయి. జబ్బు పూర్తిగా పోదమ్మా, కానీ అదుపులో పెట్టుకుని హాయిగా బతకొచ్చు."

ఆ రాత్రి ఆమె చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది. శత్రువు ముఖం చూశాక సగం భయం తీరింది.

కళ్లలో చుక్కల మందు, ఉమ్మి ఊరించే మాత్రలు, పళ్లకు జాగ్రత్తలు, మూడు నెలలకోసారి పరీక్ష. మాత్రలకు మొదట్లో ఒళ్లంతా చెమటలు పోసేవి. భర్త న్యూస్‌పేపరుతో విసురుతూ, బస్సులో జరిగిన వింతలన్నీ చెప్పేవాడు. ఆమె జవాబివ్వబోతే, "నువ్వు తలూపు చాలు, మిగతాది నేనందుకుంటా," అనేవాడు.

నాలుగో నెలకి ఆమె మాట మెల్లగా తిరిగి వచ్చింది. మధ్యమధ్య గుక్కెడు నీళ్లు కావాలి, అంతే. కొత్తగా చేరినవాళ్లకు వారానికి రెండు గంటలు పని నేర్పమని ల్యాబ్‌లో అడిగితే, సీసా బల్ల మీద పెట్టుకుని, "మూడు గంటలైనా సరే," అంది.