ఆర్విల్ మాబ్రీ కొట్లో లోషన్ నియమం

ఆర్విల్ మాబ్రీకి మనిషి మొహంతో పనిలేదు, చేతులు చాలు. తన తుపాకుల కొట్లోకి ఎవరు అడుగుపెట్టినా "చెయ్యి చూపించు" అనేవాడు. ఆ పిచ్చి ప్రభుత్వం అంటించిందే. ముప్ఫయ్యేళ్ళు ఇటుకలు పేర్చి వేళ్ళు అరగదీసుకున్న ఆయన తుపాకీ మోత తగ్గించే ఒక సైలెన్సర్‌కి దరఖాస్తు పెడితే, వేలిముద్రలు పడలేదని రాజధానిలో ఎవరో గుమాస్తా మూడుసార్లు తిప్పికొట్టాడు. మూడో ఉత్తరంలో "దరఖాస్తుదారుకు వేళ్ళు ఉన్నట్టు ఆధారం లేదు" అని రాశాడు. ఆర్విల్ దాన్ని పటం కట్టించి గోడకు తగిలించాడు.

2026 కొత్త సంవత్సరం నుంచి సైలెన్సర్ మీద రెండువందల డాలర్ల పన్ను సున్నా అయింది. ఓక్లహోమాలోని ఆ చిన్న ఊరు మొత్తం కొట్టు ముందు వాలింది. ప్రభుత్వం పేరెత్తితే ఉమ్మేసే జనం, ప్రభుత్వం ఇచ్చిన సున్నా కోసం చలిలో లైను కట్టారు. వాళ్ళలో తాపీమేస్త్రీ రాయిస్ హాచర్ ఒకడు. అడవిపందులను కాల్చి కాల్చి అతని చెవుల్లో ఎప్పుడూ హోరే.

"చెయ్యి చూపించు."

"పన్ను పోయిందిగా పెద్దాయనా, ఇంకా చెయ్యెందుకు?"

"పన్ను పోయింది. ఫారం పోలేదు, ఫోటో పోలేదు, వేలిముద్రలు పోలేదు. చూపించు."

రాయిస్ చూపించాడు. సిమెంటు తినేసి చర్మం పగిలిపోయింది. కుడి బొటనవేలు వంకాయలా వాచి చీముపట్టింది. ఇలాగే పని చేస్తే వేలు తీసెయ్యాలని డాక్టరు చెప్పి నెలయింది. భార్య జోలీన్ పని ఆపమని రెండు నెలలుగా ఏడుస్తోంది. రాయిస్ వింటేగా! ఊళ్ళో ఒకాయన ఇంటికి కడతానని ఒప్పుకున్న పొగగొట్టం సగంలో ఉంది.

ఆర్విల్ భూతద్దం దించాడు. "వారం రోజులు సిమెంటు ముట్టకు. పుండుకి డాక్టరిచ్చిన మందు. మిగతా చేతికి మూడు పూటలా లోషన్. ఫెడరల్ నియమం."

"నియమంలో లోషన్ కూడా రాశారా?"

"ముద్ర స్పష్టంగా ఉండాలని రాశారు. ఆ స్పష్టత ఎక్కణ్ణుంచి వస్తుంది, మీ అత్తగారింటి నుంచా?"

రాయిస్ ప్రభుత్వాన్ని నాలుగు బూతులు తిట్టి, ఇంటికెళ్ళి బుద్ధిగా రాసుకున్నాడు. అతనొక్కడే కాదు. దాణా కొట్టు దగ్గర గొడ్లు కాసే మొరటు మగాళ్ళు గుసగుసలాడుకునేవాళ్ళు.

"నీదేం లోషన్ రా?"

"బాదం. నీది?"

"మా ఆవిడది. గులాబీ."

ఎవరితో చెయ్యి కలిపినా పసిపిల్ల బుగ్గ తగిలినట్టుండేది.

వారం గడిచాక ఆర్విల్ భూతద్దం పెట్టి, "ఇంకో వారం" అన్నాడు.

రాయిస్ ఎగిరిపడ్డాడు. "ఆ ఇంటాయన పని వేరేవాడికి ఇచ్చేస్తానంటున్నాడు!"

"ఆయన దరఖాస్తూ నా దగ్గరే ఉంది. ఇవ్వడులే."

మూడో వారానికి బొటనవేలు మళ్ళీ బొటనవేలయింది. అప్పుడు ముద్రలు తీశాడు. అనుమతి కూడా వచ్చింది.

సైలెన్సర్ తీసుకోవడానికి వెళ్ళిన రోజే రాయిస్ ఆయన్ను చివరిసారి చూసింది. ఆ పై వారం రాయిస్ పనిమీద టెక్సస్ వెళ్ళిపోయాడు. ఆ రోజు సరుకు తేవడానికి ఆర్విల్ లోపలికి వెళ్ళినప్పుడు, బల్ల వెనక తువ్వాలు కప్పిన ఏదో వస్తువు కనిపించింది. రాయిస్ తువ్వాలు లాగాడు. వేలిముద్రలు తీసే మిషను! వేలు ఆనించగానే గీతలన్నీ తెరమీద తేలాయి.

"ఇదెప్పటి నుంచి ఉంది?" అన్నాడు, ఆర్విల్ బయటికి రాగానే.

"మూడేళ్ళయింది."

"అరిగిన వేళ్ళు పడతాయా?"

"నావే పడ్డాయి."

"మరి మూడు వారాలు నన్నెందుకు చంపావు?"

"డాక్టరు చెబితే విన్నావా? పెళ్ళాం ఏడిస్తే విన్నావా? పొద్దున లేస్తే ప్రభుత్వాన్ని తిడతారు, ఆ ప్రభుత్వం మాట తప్ప ఇంకెవరి మాటా వినరు."

రాయిస్ తన బొటనవేలు చూసుకున్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు గానీ రాలేదు.

ఆర్విల్ కిటికీలోంచి తొంగిచూసి గాభరాపడ్డాడు.

"తువ్వాలు కప్పెయ్ తొందరగా. లెస్టర్ దరఖాస్తు పెట్టడానికి వచ్చి బండి దిగుతున్నాడు, బాగా కుంటుతున్నాడు. వేలిముద్రలకీ కాలికీ సంబంధం కలిపే నియమం ఏదైనా ఉంటే చెప్పు!"