బస్టాప్ బెంచీ మీద మూడు గంటలు

ఆ వీధిలో కుట్టిన బట్ట కుదరలేదని టైలరమ్మ గడప రెండోసారి తొక్కినవాళ్ళు లేరు. కంటిచూపుతోనే కొలతలు చెప్పేస్తుంది. అలాంటి మనిషికి తన అలసట ఎంతో కొలుచుకోవడం మాత్రం చేతకాలేదు.

అత్తగారు తుంటి విరిగి మంచం పట్టి పద్నాలుగు నెలలు. ఆవిడ కొడుకు, అంటే టైలరమ్మ భర్త, లారీ డ్రైవరు, నెలకి నాలుగు రోజులే ఇంట్లో. ముసలావిడ ఒకప్పుడు ఇంగ్లీషు టీచరు. కాళ్ళు కదలవు గానీ నోటికి సెలవు లేదు. మందుల చీటీలో తప్పులు కూడా దిద్దుతుంది.

టైలరమ్మ బీపీ చూసిన డాక్టరు, "ఇలాగే ఉంటే మీ అత్తగారి గదిలో రెండో మంచం వెయ్యాలమ్మా" అని భయపెట్టి, వారానికి మూడు గంటలు ఆయాని పంపేలా కాగితం రాసిచ్చాడు. దాని మీద 'రెస్పైట్' అని ఉంది.

"అంటే ఏంటత్తయ్యా?"

"కాసేపటి ఊరట. బాధ పోదు, కాస్త పక్కకి జరిగి కూర్చుంటుంది. లాటిన్లో అసలర్థం వెనక్కి తిరిగి చూడ్డం. ఆలోచించుకోమని ఇచ్చే గడువు కాస్తా ఊపిరి పీల్చుకునే గడువైంది. రెస్పెక్ట్, అదే మర్యాద, దానికీ ఇదే పుట్టిల్లు."

"అయితే ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ మనింటి వైపు తొంగి కూడా చూళ్ళేదన్నమాట."

"నోరు మూసుకుని బస్సెక్కి పార్కుకి పో!"

టైలరమ్మ వెళ్ళింది. ఎంత దూరం? ఎదురుగా ఉన్న బస్టాప్ దాకా. బెంచీ మీద కూర్చుని, వచ్చిన బస్సునల్లా సాగనంపుతూ ఇంటి కిటికీకే కళ్ళప్పగించింది. ఆనక తిరిగొచ్చి, "పార్కంతా తిరిగాను" అంది. మూడు వారాలు ఇదే వరస. బీపీ దిగలేదు.

ఆమెకు తట్టనిది ఒకటుంది. బట్టలు వేసి చూసుకునేవాళ్ళ కోసం ముందు గదిలో తానే పెట్టిన నిలువుటద్దంలో, అక్కడే మంచం మీదున్న అత్తగారికి ఆ బెంచీ చక్కగా కనిపిస్తోంది.

నాలుగో వారం కోడలు బెంచీ మీద కూర్చోగానే కిటికీకి పరదా పడింది. టైలరమ్మ ఒక్క పరుగున ఇంట్లోకొచ్చింది.

"ఏమైందత్తయ్యా?"

"నాకేమవుతుంది? నీతో చెప్పకుండా చస్తానా! సరేగానీ, పార్కులో చెట్లెన్ని?"

"ఓ పదో, ఇరవయ్యో," అంది కోడలు.

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. కుట్టుపని చేస్తావు, ఆమాత్రం తెలీదూ?" అని, ముసలావిడ ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "నువ్వు కూడా పడిపోతే నేనెవరితో పోట్లాడనే? భయంగా ఉంది. వెళ్ళవే తల్లీ."

ఈసారి టైలరమ్మ బస్సెక్కింది. కిటికీకి తల ఆన్చి, చివరి స్టాపు దాకా ఒళ్ళెరగని నిద్ర పోయింది. కండక్టరు లేపితే మళ్ళీ టికెట్టు కొని, వచ్చే దారంతా కూడా నిద్రపోయింది.

ఇంటికొచ్చేసరికి పరదా తీసి ఉంది. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది.

"అత్తయ్య బాగా పడుకున్నారా?" అని ఆయాని గుసగుసగా అడిగింది.

"పడుకోవడమా! మీ బస్సు కదలగానే పరదా తీయించారు. ఇంతసేపూ అద్దంలో ఆ ఖాళీ బెంచీనే చూస్తున్నారు."

అత్తగారు కళ్ళు తెరవలేదు. "వచ్చే వారం కాస్త పెందలాడే బయల్దేరు," అంది.