మంచి జబ్బు

ఎనభైల్లో మా మేనత్త మొగుడు బొంబాయిలో మందుల కంపెనీలకు పెట్టుబడులు కుదిర్చేవాడు. జబ్బులను పెళ్లిసంబంధాల్లా బేరీజు వేసేవాడు. సత్తెనపల్లి వచ్చినప్పుడు మా నాయనమ్మకు షుగరని విని, "మంచి జబ్బండీ అత్తయ్యగారూ. వెంటనే చంపదు, తగ్గదు. ఉన్నన్నాళ్లూ మందు కొనాల్సిందే" అన్నాడు.

నాయనమ్మకు 'మంచి' ఒక్కటే వినపడింది. అల్లుడుగారే చెప్పారంటూ మానేసిన బొబ్బట్లు మళ్లీ మొదలెట్టింది.

ఏడాది తిరక్కుండా గుంటూరు ఆస్పత్రిలో ఆమె కాలి బొటనవేలు తీసేశారు. చూడ్డానికి వచ్చిన మావయ్య కట్టు వంక చూడలేదు. మంచం పక్కన మందు సీసా తిప్పి చూస్తూ, "ఏ కంపెనీదిరా ఇది?" అన్నాడు.

"కంపెనీ సంగతి తెలీదు మావయ్యా. వేలు మాత్రం నాయనమ్మదే" అన్నాను.

నాయనమ్మ నన్నే కసిరింది. "ఊరుకోరా. ఆయన మంచి జబ్బనే చెప్పారు. నేనే దాన్ని చెడగొట్టుకున్నాను."